పెరటి పాదుకు ఎంత కంచె: తెల్లతోక జింకల నడుమ కూరగాయల పెంపకం

అమెరికాలో చిక్కుడు గింజలు రెండు చోట్ల దొరుకుతాయి. మన కూరగాయల విత్తనాలు అమ్మేవారి దగ్గర, పందిరి మీదికి పాకించుకోవడానికి చిన్న పొట్లాల్లో దొరుకుతాయి. వేటగాళ్లకు సామగ్రి అమ్మేవారి దగ్గర అదే జాతి గింజలు ‘లాబ్‌లాబ్’ అన్న పేరుతో, జింకలను రప్పించే మేతపైరు విత్తనాలుగా సంచుల్లో దొరుకుతాయి. అలసందలు, సోయాచిక్కుడు కూడా ఆ రెండో దుకాణంలో ఉంటాయి. న్యూజెర్సీలోనో పెన్సిల్వేనియాలోనో ఇల్లు కొనుక్కుని, పెరట్లో ఎండ బాగా తగిలే మూల చూసి చిక్కుడు పాదు పెట్టి, పక్కనే గోంగూర, బెండ మళ్లు వేసుకున్న తెలుగు కుటుంబం, వేటగాడు జింకల కోసం డబ్బు పెట్టి వేయించే పైరునే తనకు తెలియకుండా వేసుకుంది. జూన్‌లో ఒక ఉదయం తీగల కొసలన్నీ తెగిపోయి కనిపిస్తే అందులో ఆశ్చర్యపడవలసింది లేదు.

దీనికి విరుగుడుగా చెప్పే సలహాలకు కొదువ లేదు. సబ్బుముక్కలు వేలాడదీయమంటారు, తలవెంట్రుకలు చల్లమంటారు, కోడిగుడ్డు కలిపిన నీళ్లు పిచికారీ చేయమంటారు, బంతి మొక్కలు చుట్టూ నాటమంటారు, రేడియో పెట్టమంటారు. ప్రతి ఉపాయానికీ అది బ్రహ్మాండంగా పనిచేసిందని చెప్పే ఇరుగు ఒకరు, ఏమాత్రం పనిచేయలేదని చెప్పే పొరుగు ఒకరు ఉంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మొదటి రెండు వేసవుల్లో ఈ ఉపాయాలన్నిటినీ ఒకదాని తరువాత ఒకటి నేనూ ప్రయత్నించాను. ఒకే ఉపాయం మే నెలలో పనిచేసి ఆగస్టులో పనిచేయకపోవడం కూడా చూశాను. చివరకు అర్థమైనది ఏమిటంటే, మనం అడుగుతున్న ప్రశ్నే సరైనది కాదు. ‘జింక దేనిని తినదు’ అని అడుగుతున్నాం. జింక దేనినైనా తింటుంది. ఎంత ఆకలిగా ఉంది, పక్కన వేరే మేత ఏముంది, మన పెరట్లోకి రావడానికి ఎంత శ్రమ, ఎంత భయం అన్న లెక్క మీద ఆ రాత్రి తినాలా వద్దా అన్నది తేలుతుంది. ఆ లెక్కను మార్చగలిగినంతవరకే ఏ ఉపాయమైనా పనిచేస్తుంది.

ముందుగా ఇన్ని జింకలు ఇళ్ల మధ్యకు ఎలా వచ్చాయో చూడాలి. 1900 ప్రాంతంలో అమెరికా అంతటా కలిపి తెల్లతోక జింకలు ఐదు లక్షలకు మించి లేవని అంచనా. మాంసానికీ తోలుకూ విచ్చలవిడిగా వేటాడడంతో చాలా రాష్ట్రాల్లో అవి దాదాపుగా కనుమరుగయ్యాయి. 1900లోనే వచ్చిన లేసీ చట్టం, చట్టవిరుద్ధంగా చంపిన వన్యప్రాణులను ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి తరలించి అమ్మడాన్ని నిషేధించింది. తరువాత వేటకు కాలపరిమితులు వచ్చాయి, లేనిచోటికి జింకలను తెచ్చి వదిలారు. ఈనాడు వాటి సంఖ్య సుమారు మూడు కోట్లు. ఈ లోపల తూర్పు రాష్ట్రాల్లో తోడేళ్లు, కొండసింహాలు దాదాపుగా లేకుండా పోయాయి. తరువాత వచ్చి చేరిన, తోడేలు కన్నా చిన్నవైన కయోటీలు ఎక్కువగా జింకపిల్లలనే పట్టగలవు. అన్నిటికన్నా ముఖ్యమైనది, మనం కట్టుకున్న శివారు కాలనీ. జింకకు దట్టమైన అడవి కన్నా అడవి అంచు ఎక్కువ అనుకూలం: దాక్కోవడానికి నాలుగు చెట్లు, మేయడానికి ఎండ తగిలే లేత పచ్చదనం ఉండాలి. అక్కడక్కడా చెట్లగుంపులు మిగిల్చి, మధ్యలో పచ్చికబయళ్లు, పూలమొక్కలు పెంచే కాలనీ అంతా అంచే. న్యూజెర్సీలో జనం నివసించే కట్టడానికి 450 అడుగుల లోపల తుపాకీ వేట కూడదు. విల్లుకు ఆ దూరాన్ని 2010లో 150 అడుగులకు తగ్గించారు. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉన్నచోట, అంటే మనవాళ్లు ఎక్కువగా ఉండే చోట, జింకకు మనిషి భయం కూడా పోయింది.

ఇక జింక నోటి సంగతి, కడుపు సంగతి. ఆవు, గొర్రెలాగానే ఇది కూడా నాలుగు గదుల పొట్టతో నెమరువేసే జంతువే, కానీ వాటిలాగా గడ్డిని మొత్తంగా మేసి నింపుకునే రకం కాదు. దాని ఒంటికి తగ్గట్టు చూస్తే మొదటి గది చిన్నది. ముతక గడ్డితో దానికి పని జరగదు. అందుకే ఏరుకుని తింటుంది: చిగుళ్లు, మొగ్గలు, లేత ఆకులు, పండ్లు, మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న చిక్కుడు జాతి ఆకులు. రోజుకు రెండు మూడు కిలోల మేత కావాలి. ఎరువు వేసి, నీరు పోసి పెంచిన పెరటి మొక్క ఆకు, అడవిలో నీడన పెరిగిన మొక్క ఆకు కన్నా మెత్తగా, సారవంతంగా ఉంటుంది. మనం ఎంత శ్రద్ధగా పెంచితే జింకకు అంత రుచి. ఈ మాట చెప్పడానికి బాధగా ఉన్నా, కాలనీ పక్కనే కొద్దిపాటి అడవి ఉండి కూడా అది మన మడి దాకా ఎందుకు నడిచి వస్తుందో ఇది తెలియనిదే అర్థం కాదు.

దొంగ ఎవరో తేల్చుకోవడం కూడా అవసరం, ఎందుకంటే కుందేలుకు కట్టే కంచె వేరు, జింకకు కట్టే కంచె వేరు. జింకకు పై దవడలో ముందు పళ్లు ఉండవు. కింది పళ్లకూ పై దవడలోని గట్టి పంటి చిగుళ్లకూ మధ్య రెమ్మను పట్టుకుని లాగి తెంపుతుంది. అందువల్ల తెగినచోట పీచులు పీచులుగా, చిరిగినట్టు ఉంటుంది. కుందేలుకు పైనా కిందా పదునైన పళ్లు ఉంటాయి కాబట్టి అది కొరికిన రెమ్మ కత్తితో ఏటవాలుగా కోసినట్టు నున్నగా ఉంటుంది. రెండడుగుల కన్నా పైన నష్టం కనిపిస్తే కుందేలు కాదు. జింక నిలబడి ఐదారు అడుగుల ఎత్తు వరకు అందుకుంటుంది. ఊళ్లో ఇళ్ల మధ్య గోడలాగా పెంచే ఆర్బర్‌విటే వరుసలు ఆ ఎత్తు వరకు బోడిగా, పైన గొడుగులాగా కనిపించడానికి కారణం అదే. ఆ చెట్టుకు ఎండిన కొమ్మ మీద మళ్లీ చిగురు రాదు కనుక ఒక చలికాలంలో పోయిన ఆకు శాశ్వతంగా పోయినట్టే.

ఇప్పుడు ‘జింకలు తినని మొక్కల’ జాబితాల గురించి. వీటిలో నేను ఎక్కువగా విశ్వసించేది న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయం వారిది. అది మొక్కలను తినేవి, తిననివి అని రెండుగా విడదీయదు. అరుదుగా నష్టపోయేవి మొదలుకొని తరచుగా తీవ్రంగా నష్టపోయేవాటి వరకు నాలుగు తరగతులుగా విభజిస్తుంది. ఆ విభజనలోనే అసలు సంగతి ఉంది: ఏ మొక్కకూ పూర్తి రక్షణ లేదు, అవకాశాలు మాత్రమే ఉన్నాయి. డాఫడిల్ దుంపల్లో విషపదార్థం ఉంది కాబట్టి జింకలు దాదాపుగా వాటి జోలికి పోవు. తులిప్‌ను మాత్రం మొగ్గ విచ్చేలోగా తినేస్తాయి. నీడలో అందం కోసం పెంచే హోస్టా ఆకులు వాటికి పాలకూర లాంటివి. మన వంటింటి మొక్కల్లో వెల్లుల్లి, ఉల్లి, పుదీన వంటి ఘాటైన వాసన గలవి చాలావరకు బతికిపోతాయి. టమాట ఆకులో చేదు పదార్థాలున్నా కొసలు కొరుకుతాయి, కాయలనూ వదలవు. చిక్కుడు, బఠానీ, అలసంద, బెండ, చిలగడదుంప తీగ, గులాబీ మొగ్గలు ఆశ పెట్టుకోదగినవి కావు.

వాసన మొక్కలను అంచున నాటితే లోపలి చిక్కుడుకు రక్షణ దొరుకుతుందని చాలామంది నమ్ముతారు. అది నమ్మదగినది కాదని నా అభిప్రాయం. పుదీనను తినకపోవడం వేరు, పుదీనను చూసి వెనక్కు పోవడం వేరు. జింక పుదీనను దాటి నడుస్తుంది, అంతే. పైగా జాబితాలన్నీ సాధారణ కాలానికి రాసినవి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అడవిలో చిగురు రాకముందు, ఒంట్లో కొవ్వు కరిగిపోయి, కడుపులో పిల్లలు ఎదుగుతున్న ఆడ జింకకు ఏ జాబితా తెలియదు. ఆకుల్లోని వగరు పదార్థాలను తట్టుకోవడానికి వాటిని పట్టి బంధించే మాంసకృత్తులు జింక లాలాజలంలో ఉన్నాయి. వగరు, చేదు దానికి చికాకే గాని అడ్డు కాదు.

పిచికారీ మందుల దగ్గరకు వద్దాం. ఇవి రెండు విధాలు: మొక్క మీద చల్లి రుచినో వాసననో చెడగొట్టేవి, మొక్క పక్కన ఉంచి వాసనతో దూరంగా ఉంచేవి. వీటిలో కుళ్లిన కోడిగుడ్డు ఘనపదార్థంతో చేసినవి మెరుగైనవని ఎన్నో పరీక్షల్లో తేలింది. మాంసం అరిగేటప్పుడు పుట్టే గంధకపు వాసన లాంటిది వాటి నుంచి వస్తుంది. శాకాహార జంతువుకు ఆ వాసన దగ్గరలో మాంసాహారి ఉందన్న సూచన. మిరపఘాటు మందులు నోటిని మండిస్తాయి, కానీ అవి పనిచేయాలంటే జింక ముందుగా ఒక ముద్ద తినాలి. సబ్బుముక్కల ప్రభావం వేలాడదీసిన చోటి నుంచి ఒక గజం దాటదు. తలవెంట్రుకలది అంతకన్నా అనుమానాస్పదమైన కథ.

మందు మంచిదైనా రెండు బలహీనతలు తప్పవు. మొదటిది, వానకు కొట్టుకుపోవడం. రెండోది, మనం మరచిపోయేది, మొక్క పెరుగుదల. తీగకు చిగురు వేసిన ప్రతి అంగుళం మందు తగలని అంగుళమే, జింకకు కావలసింది కూడా సరిగ్గా ఆ చిగురే. మే, జూన్ నెలల్లో చిక్కుడు, బీర పాకే వేగానికి నాలుగు వారాలకొకసారి చల్లే మందు ఎటువంటి న్యాయం చేయగలదు? కదలకుండా నిలబడే చలికాలపు పొదలకు ఇవి బాగా ఉపయోగపడతాయి. ఎదిగే కూరగాయలకు కాదు. ఇంకొక హెచ్చరిక కూడా చెప్పాలి. కొన్ని మందులు పూలమొక్కలకు మాత్రమే అనుమతించినవి. తినే ఆకుకూర మీద చల్లవచ్చో లేదో డబ్బా మీద రాసి ఉంటుంది. ఇంట్లో పచ్చిగుడ్డు కలిపి గోంగూర మీద చల్లడం వాసన కన్నా ముందు ఆరోగ్యం దృష్ట్యా సరైన పని కాదు, దానిలో సాల్మొనెల్లా ఉండే ప్రమాదం ఉంది.

బెదిరింపు ఉపాయాలలో కదలికను పసిగట్టి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ కొంతకాలం బాగా పనిచేస్తుంది. వేళ్లాడే రేకులు, మెరిసే రిబ్బన్లు, చెవికి వినబడని శబ్దం చేసే పెట్టెలు అంతకన్నా త్వరగా విలువ కోల్పోతాయి. ఒక వస్తువు భయపెడుతుంది గాని హాని చేయదని జింకకు అర్థం కావడానికి కొద్ది రాత్రులు చాలు. మన ఊళ్లలో చేలకు కాపలా కాయడానికి మంచె వేసి, వడిసెల పట్టుకుని, రాత్రంతా ఒక మనిషి మేలుకుని ఉండేవాడు. ఆ పద్ధతిలో బెదిరింపు ఎప్పటికీ పాతబడదు, ఎందుకంటే మంచె మీద ఉన్నది మనిషి. శివారు కాలనీలో జింకలు తిరిగేది ఎక్కువగా తెల్లవారుజామున, చీకటి పడే వేళ, రాత్రి. తెల్లవారితే ఉద్యోగానికి వెళ్లవలసిన కుటుంబం మంచె వేయలేదు. కాబట్టి మిగిలింది అడ్డు.

తెల్లతోక జింక నిలబడిన చోటు నుంచి ఎనిమిది అడుగుల వరకు దూకగలదు. అందుకే పుస్తకాలన్నీ ఎనిమిది అడుగుల కంచె అంటాయి. ఇక్కడే ఇంటి యజమాని ఆగిపోతాడు: చాలా మునిసిపాలిటీలలో పెరటి కంచె ఆరు అడుగులు మించకూడదు, ముందు వైపు నాలుగు అడుగులే, కాలనీ సంఘం నిబంధనలు ఉంటే అవి ఇంకా కఠినంగా ఉంటాయి. అనుమతి అడగకుండా కట్టి, తరువాత నోటీసు వచ్చి తీసేయవలసివచ్చిన ఇంటివారిని నేను ఎరుగుదును. కానీ ఎనిమిది అడుగులు అన్న అంకె ఒక్కటే పరిష్కారం కాదు. జింక ఎంత ఎత్తు దూకగలదు అన్నది ఒక సంగతి, దూకడానికి ఎప్పుడు సిద్ధపడుతుంది అన్నది మరొకటి. వెంటాడుతుంటే ఎనిమిది అడుగులు దూకే జింక, తాపీగా మేస్తున్నప్పుడు నాలుగడుగుల కంచె ముందు కూడా ఆగి ఆలోచిస్తుంది. ఈ తేడాను అర్థం చేసుకుంటే చవకైన దారులు మూడు తెరుచుకుంటాయి.

మొదటిది దాని చూపుకు సంబంధించినది. కళ్లు తలకు ఇరుపక్కలా ఉండడం వల్ల జింక దాదాపు తన చుట్టూ అంతా చూడగలదు, చిన్న కదలికను కూడా పట్టేస్తుంది, చీకట్లో మనకన్నా ఎంతో బాగా చూస్తుంది. దానికి బదులుగా దూరాన్ని, లోతును కచ్చితంగా అంచనా వేయడంలో అది మనకన్నా వెనకబడి ఉంటుంది. అందువల్ల నాలుగైదు అడుగుల ఎత్తున్న రెండు కంచెలను నాలుగైదు అడుగుల ఎడంతో కడితే, రెంటినీ కలిపి దూకడం దానికి కష్టం, మధ్యలో దిగడానికి చోటు ఇరుకు. ఇందుకు స్థలం కావాలి, కనుక పెద్ద పెరడు ఉన్నవారికే ఇది వీలు.

రెండోది, కనిపించని చోటుకు దూకదు. అవతల ఏముందో తెలియనప్పుడు కాలు విరిగే ప్రమాదాన్ని అది కొనితెచ్చుకోదు. సందులు లేని ఆరు అడుగుల చెక్క కంచె, సందులున్న ఆరు అడుగుల వల కన్నా చాలా మేలుగా పనిచేయడానికి ఇదే కారణం. తెలంగాణలో, ఆంధ్రలో అడవిపందులు, జింకలు రాకుండా రైతులు చేను చుట్టూ పాత చీరలు కడతారు. నాలుగు అడుగులైనా లేని చీర ఏం ఆపుతుందని చిన్నప్పుడు అనుకునేవాడిని. చీర ఆపేది ఒంటిని కాదు, చూపును. గాలికి కదిలే ఆ రంగుల అడ్డు అవతల ఏముందో కనబడనీయదు. అయితే రంగు విషయంలో ఒక మాట. జింక కంటికి నీలం బాగా కనిపిస్తుంది, ఎరుపు, నారింజ ఛాయలు సరిగా తెలియవు. అందుకే వేటగాళ్లు నారింజ రంగు చొక్కాలు వేసుకుని నిశ్చింతగా తిరుగుతారు. ఎర్రచీర వల్ల ప్రత్యేకమైన లాభం ఏమీ లేదు.

మూడోది మన పెరళ్లకు అన్నిటికన్నా అనువైనది: చిన్న ఆవరణ. పదడుగుల వెడల్పు, పది పన్నెండు అడుగుల పొడవు ఉన్న మడి చుట్టూ ఐదడుగుల వల కట్టి, లోపల పందిరి గుంజలు, మొక్కలు నిండుగా ఉంటే, దూకి దిగడానికీ, దిగాక మళ్లీ పరుగెత్తి బయటకు దూకడానికీ చోటు లేదని జింక గుర్తిస్తుంది. ఇరుకుచోటులో చిక్కుపడడం దానికి ఇష్టం లేదు. పెరడంతా ఎనిమిది అడుగుల కంచె కట్టడానికి అనుమతులు, వేల డాలర్లు కావలసి ఉంటే, ఒక్క మడికి కట్టడానికి ఇనుప గుంజలు, ఒక చుట్ట వల, ఒక శనివారం చాలు. అందువల్ల నా సలహా స్పష్టంగా ఇది: పెరడును కాపాడుకోవాలని చూడవద్దు, తినే పంటను ఒకచోటికి చేర్చి, ఆ ఒక్కచోటును గట్టిగా కాపాడుకోవాలి. ఆ ఆవరణ బయట జింకలు అరుదుగా ముట్టే మొక్కలు వేసుకోవచ్చు, లేదా పోతే పోయిందనుకోగలిగినవి వేసుకోవచ్చు.

కట్టడంలో నిర్లక్ష్యం చేసే చోట్లు ఎప్పుడూ అవే. జింక దూకడం కన్నా దూరడానికే ముందు ప్రయత్నిస్తుంది. కంచె కింద ఎనిమిది, పది అంగుళాల సందు ఉంటే మోకాళ్ల మీద వంగి లోపలికి వస్తుంది. కాబట్టి వల అడుగుభాగాన్ని బయటివైపు నేల మీద ఒక అడుగు పరిచి, మేకులతో నొక్కిపట్టాలి. సన్నని నల్లటి ప్లాస్టిక్ వల దానికి కనిపించదు, వచ్చి గుద్దుకుని చింపేస్తుంది. మొదటి కొద్ది వారాలు మూడడుగుల ఎత్తున తెల్లటి రిబ్బన్లు కట్టి ఉంచితే అక్కడ అడ్డు ఉందని నేర్చుకుంటుంది. కంచె ఐదడుగులై తలుపు మూడడుగులైతే, ఆ ఆవరణ ఎత్తు మూడడుగులే. చలికాలంలో ఒకటిన్నర అడుగు మంచు గట్టిపడి పేరుకుంటే ఆరడుగుల కంచె నాలుగున్నర అడుగులకు దిగిపోతుంది. విద్యుత్ తీగల కంచె కూడా ఉంది. వేరుశనగ ముద్ద పూసిన రేకును తీగకు తగిలిస్తే జింక ముక్కుతో తాకి ఒక్కసారికే పాఠం నేర్చుకుంటుంది. పొలాలకు అది మంచిది. పిల్లలు ఆడుకునే పెరటికి నేను సూచించను.

మేత కోసం కాకుండా జరిగే నష్టం ఒకటుంది, దానిని చాలామంది గుర్తించరు. సెప్టెంబరు నుంచి మగ జింకలు కొమ్ముల మీది మెత్తటి తోలును వదిలించుకోవడానికి, ఆ తరువాత నవంబరులో ఉచ్ఛస్థితికి చేరే ఎదకాలంలో తమ వాసనను గుర్తుగా విడిచిపెట్టడానికి, లేతచెట్ల మానులకు కొమ్ములను రాస్తాయి. మణికట్టంత, పిడికిలంత మందమున్న నున్నటి మానులు వాటికి ఇష్టం. మూడేళ్లు పెంచిన రేగు, ఆపిల్, అత్తి మొక్క బెరడు ఒక్క రాత్రిలో చుట్టూ ఊడిపోతే, ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్లకు చేరే దారి తెగిపోయి చెట్టు చచ్చిపోతుంది. దీనికి ఏ పిచికారీ పనికిరాదు, ఎందుకంటే అది తినడానికి రాలేదు. మాను చుట్టూ తగలకుండా, నాలుగైదు అడుగుల ఎత్తున ఇనుప వలను గుండ్రంగా నిలబెట్టడం ఒక్కటే మార్గం. ఆగస్టు ఆఖరుకు ఆ పని అయిపోవాలి.

పురుగు సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే పెరట్లో పిల్లలు ఆడుకుంటారు. లైమ్ వ్యాధికి ఆ పేరు కనెక్టికట్ రాష్ట్రంలోని లైమ్ అనే ఊరి నుంచి వచ్చింది. అమెరికాలో ఏటా సుమారు 4,76,000 మందికి ఆ వ్యాధి నిర్ధారణ చేసి చికిత్స చేస్తున్నారని అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అంచనా. దీనిని మోసే పిడుదును ‘జింక పిడుదు’ అంటారు కాబట్టి జింక నుంచి వ్యాధి వస్తుందని అందరూ అనుకుంటారు. నిజానికి ఎదిగిన పిడుదు రక్తం తాగి గుడ్లు పెట్టడానికి జింక ఆధారం మాత్రమే. వ్యాధిని కలిగించే సూక్ష్మజీవి పిల్లదశలో ఉన్న పిడుదులకు ఎక్కువగా అంటుకునేది తెల్లపాదాల ఎలుక నుంచి. జింక నుంచి పిడుదుకు ఆ జీవి సోకదు. కాబట్టి చిన్న మడి చుట్టూ కంచె కట్టుకున్నంత మాత్రాన పిడుదుల బెడద తీరినట్టు కాదు, ఎలుకలు కంచెకు ఆగవు. పాదు పని చేసి వచ్చాక మోకాళ్ల వెనక, చెవుల వెనక వెతుక్కోవడం మానకూడదు.

ఊరంతా కలిసి జింకలను తగ్గించలేదా అన్న ప్రశ్న సహజం. న్యూజెర్సీలోని ప్రిన్స్టన్‌లో 2000 దశకం తొలినాళ్లలో గురిగల షూటర్లను నియమించారు, దాని మీద పెద్ద వివాదం నడిచింది. న్యూయార్క్ నగరం 2016లో స్టాటెన్ ఐలండ్‌లోని మగ జింకలకు వేసెక్టమీ మొదలుపెట్టింది. ఏ పద్ధతినైనా ఏళ్ల తరబడి కొనసాగించాలి, ఖర్చు ఎక్కువ, ఆపితే సంఖ్య మళ్లీ పెరుగుతుంది; ఆడ జింక తరచుగా ఈతకు రెండు పిల్లలను కంటుంది. ఈ చర్చ అవసరమైనదే. అది చిక్కుళ్ల కన్నా పెద్ద విషయం, ఎందుకంటే జింకలు మితిమీరిన అడవుల్లో ఓక్ మొలకలు చెట్లు కాలేకపోతున్నాయి, అవి తినని బార్‌బెర్రీ, స్టిల్ట్‌గ్రాస్ వంటి విదేశీ మొక్కలు నేలను ఆక్రమిస్తున్నాయి. కానీ ఈ వేసవి పాదుకు అది పరిష్కారం కాదు.

ఇరుగుపొరుగుతో మాట్లాడి సాధించగలిగినది ఒకటుంది: చలికాలంలో జింకలకు మొక్కజొన్న పోయవద్దని చెప్పడం. జాలితో చేసే ఆ పని వాటికే హాని. చలికాలంలో పుల్లలు, మొగ్గలు అరిగించుకోవడానికి అలవాటుపడిన కడుపులోకి ఒక్కసారిగా గింజలు పడితే ఆమ్లం పెరిగి జింక చచ్చిపోవచ్చు. ఒకేచోట గుమికూడి తినడం వల్ల రోగాలు వ్యాపిస్తాయి. 1967లో కొలరాడోలో మొదట గుర్తించిన, మెదడును తినేసే క్రానిక్ వేస్టింగ్ వ్యాధి పెన్సిల్వేనియాకు 2012లో చేరింది. అలాగే, జూన్‌లో మొక్కల మధ్య ఒంటరిగా పడుకున్న జింకపిల్ల కనిపిస్తే అనాథ అనుకుని ఎత్తుకోకూడదు. తల్లి దానిని దాచి మేతకు వెళ్లి, పాలివ్వడానికి తిరిగి వస్తుంది.

ఇక మిగిలింది కాలం. మనవాళ్లలో నేను ఎక్కువగా చూసిన పొరపాటు కంచె ఎత్తులో కాదు, కట్టే వేళలో ఉంది. ఏప్రిల్‌లో గింజలను ఇంట్లో కిటికీ దగ్గర మొలకెత్తించి, మే నెల మధ్యలో మంచు భయం తీరాక నారు నాటి, తీగ పందిరి ఎక్కాక, మొదటిసారి జింక తినిపోయిన తరువాత వల కొనడానికి వెళతారు. అప్పటికి జింకకు ఆ చోటు తెలిసిపోయింది. తన చిన్న పరిధిలో ఎక్కడ ఏ మేత ఉందో గుర్తుపెట్టుకుని అదే దారిన తిరిగే జంతువు అది; ఒకసారి రుచి చూసినచోట కట్టిన కంచెను అది తోసి చూస్తుంది, కింద వెతుకుతుంది, తలుపు దగ్గర నిలబడుతుంది. రుచి ఎరగని చోట ఉన్న అదే కంచెను పట్టించుకోకుండా పక్కనుంచి వెళ్లిపోతుంది. అందుచేత మార్చి నెలాఖరున, నేల మెత్తబడి గుంజలు దిగగానే, మడిలో ఒక్క మొక్కైనా లేనప్పుడే వల కట్టి, అడుగున మేకులు దిగ్గొట్టి, తలుపుకు గడియ పెట్టుకోవాలి. నారు ఆ తరువాత.